ఎల్లవ్వ గొంతు

మైథిలి పెట్టిన మొదటి శాపానికి సుహాస్ పడీ పడీ నవ్వాడు. వాళ్ళ పరిచయం అలా మొదలైంది కాబట్టి ఆ తర్వాత జరిగినవాటికి ముహూర్తబలం బాగాలేదని సరిపెట్టుకోవచ్చు.

దిల్లీ కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గది. గోడల నిండా సివిల్స్ పరీక్షకి చదివిన రోజులనాటి మ్యాపులు. మడత మంచం మీద సుహాస్, కిటికీ దగ్గర కెమెరా పట్టుకుని అతని రూమ్మేటు విష్ణువర్ధన్. దిల్లీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రకటన చూసి మైథిలి వచ్చింది. ‘మంత్రగత్తె కావలెను, అనుభవం అక్కర్లేదు’ అని ఉంటే ఎవరికైనా రాబుద్ధి వేస్తుంది.

“ఊరోళ్ళంత కలిసి నీ పళ్ళు పీకి, కొట్టి సంపిన్రు. నువ్వు తిరిగొచ్చినవ్. ఇగ ఆ ఇంటి ముందర నిలవడి శాపం పెట్టు,” అన్నాడు సుహాస్.

మైథిలి జుట్టు విరబోసుకుంది. కళ్ళు పెద్దవి చేసింది.

“నీ ఇల్లు బర్బాద్ అయిపోవాలి. నీ ఖాన్‌దాన్ మొత్తం ఖతం అయిపోవాలి. ఔర్... నీకు నీళ్ళు కూడా నసీబ్ అవ్వకూడదు.”

అప్పుడే అతను నవ్వింది.

“ఇందులో నవ్వడానికేముంది?” అంది హిందీలో.

“ఏం లేదండి. మా సిద్దిపేట దిక్కు మంత్రగత్తెలు హిందీల శపించరు.”

“దిల్లీలో పుట్టి ఉంటే శపించేవారు.” ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. “ఆడిషన్‌కి పిలిచి నవ్వడం మీ సిద్దిపేటలో రివాజా?”

గుమ్మంలో ఆగి ఒక్క చూపు చూసింది. అతని నవ్వు సగంలో ఆగిపోయింది. ఆగిపోయిన తీరు ఆమెకు కాస్త నచ్చింది కూడా.

“గా చూపే కావాలె,” అన్నాడు సుహాస్ లేచి నిలబడి. “పోకుర్రి. తెలుగు నేను నేర్పిస్త.”

మైథిలి ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. గుర్‌గావ్‌లో హెచ్.ఆర్. ఉద్యోగం. ఇంట్లో అమ్మానాన్నల తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. తండ్రి సదాశివరావు ముప్ఫై ఏళ్ళుగా మినిస్ట్రీలో ఫైళ్ళు చూస్తూ, ‘అన్నం తిన్నావామ్మా’ అంటే ‘హా పాపా’ అన్న జవాబుకి అలవాటు పడిపోయాడు. అలవాటు పడ్డాడంటే బాధ పోయిందని కాదు.

సుహాస్ సంగతి ఇంకో తీరు. సివిల్స్ మూడుసార్లు తప్పి, నోయిడాలో ఒక న్యూస్ ఛానల్లో సౌండ్ పని పట్టుకుని, ఆదివారాల్లో సినిమా తీస్తానని కూర్చున్నాడు. సినిమా పేరు ‘ఏడిండ్ల ఎల్లవ్వ’. వాళ్ళ నానమ్మ చెప్పిన కథ. మంత్రాలు వస్తాయని ఊరివాళ్ళు ఎల్లవ్వ అనే ఆవిడ పళ్ళు పీకేస్తారు, నోరు తిరక్క మంత్రం పలక్కుండా పోవాలని. తర్వాత చంపేస్తారు. ఎల్లవ్వ ఇద్దరు చెల్లెళ్ళను వెంటేసుకుని తిరిగొచ్చి, తనని పట్టిచ్చిన ఏడిళ్ళ మీదా ఒక్కొక్కటిగా పగ తీర్చుకుంటుంది.

పాఠాలు బస్సుల్లోనూ మెట్రోలోనూ నడిచాయి. మైథిలికి తెలుగు చదవడం రాదు. హిందీ అక్షరాల్లో రాసుకుని పలికేది.

“జెర మెల్లగ. ‘నా నోరు మూసినోళ్ళ ఇంట దీపం ఆరాలె’ అను.”

“నా నోరు మూసినోళ్ళ ఇంట దీపం ఆరాలె,” అనేది మైథిలి. పక్క సీటు ఆంటీ లేచి ఇంకో సీటు చూసుకునేది.

“చూసినవా, పని చేస్తున్నది,” అనేవాడు సుహాస్.

ఒక ఆదివారం పొద్దున మైథిలి వంటింట్లోంచి కేకేసింది. “నాన్నా, చాయ్ తాగుతవా? జెరసేపు ఆగితే అల్లం వేసి ఇస్త.”

సదాశివరావు పేపరు దించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, వినడానికి అద్దాలతో పనున్నట్టు.

“ఏమేవ్ సుభాషిణీ, అమ్మాయి తెలుగు మాట్లాడుతోందే.”

“మాట్లాడుతోంది సరేనండీ, అది ఏ ఊరి తెలుగు?” అంది తల్లి. “తెనాలివాళ్ళింట్లో ఈ ‘జెరసేపు’ ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోండి.”

కనుక్కోలేదాయన. ఏ ఊరిదైతేనేం, మాట్లాడింది. మర్నాడు ఆఫీసులో ప్యూన్‌తో సహా అందరికీ చెప్పాడు.

షూటింగు ఫరీదాబాద్ వెనక ఒక పాత రాళ్ళ క్వారీలో. రెండు గుడిసెలు వేసి, దూరాన ఫ్యాక్టరీ గొట్టాలు కనపడకుండా ఫ్రేము పెట్టి, అదే తెలంగాణ పల్లె అనుకోమన్నాడు సుహాస్. రక్తానికి బీట్‌రూట్ రసం, పొగకి పిడకలు. ఒక చెల్లెలిగా మైథిలి ఆఫీసు స్నేహితురాలు భావన వేసింది. రెండో చెల్లెలు దొరక్క విష్ణువర్ధన్ కెమెరా స్టాండు మీద పెట్టి, చీర చుట్టుకుని పరిగెత్తుకొచ్చి వీపు తిప్పి నిలబడేవాడు.

ఎల్లవ్వ చచ్చిపోయే సీను తీసిన రోజు వాన పట్టింది. మైథిలి బురదలో వెల్లకిలా పడి ఉంది. కట్ చెప్పాల్సిన సుహాస్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“లేవకు. కెమెరా దిక్కు చూసి ఒకసారి నవ్వు.”

“చచ్చిపోయాను కదా.”

“అందుకే. చచ్చిన సీను అయినంక నవ్వాలె. సినిమావాళ్ళ ఆనవాయితీ. లేకుంటే అరిష్టం.”

“నువ్వు ఇలాంటివి నమ్ముతావా?”

“నీ విషయంల నమ్ముత.”

మైథిలి నవ్వింది. వాన కళ్ళల్లో పడుతున్నా రెప్ప వేయకుండా, కెమెరా వైపు కాకుండా అతని వైపు చూసి నవ్వింది. అతనూ కదల్లేదు. “అరే, బ్యాటరీ అయిపోతుంది, ఎవరైనా కట్ చెప్పండి,” అని చీరలో ఉన్న విష్ణువర్ధన్ మొత్తుకున్నాడు.

ఆ రోజే ఆమె నిశ్చయించుకుంది. సినిమా ప్రివ్యూ అయ్యాక చెప్పేస్తుంది. హిందీలో అయితే ఒక్క క్షణం పని. ఇంగ్లీషులో అయితే అదీ పట్టదు. కాని తెలుగులోనే చెప్పాలి, అదీ అతను రాసిచ్చిన డైలాగులా కాకుండా తన సొంత మాటతో. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అనుకుందో అద్దానికే తెలియాలి.

ప్రివ్యూ ఒక ఆదివారం మధ్యాహ్నం, అద్దెకు తీసుకున్న చిన్న హాల్లో. నలభై కుర్చీలు. అందులో పదిహేను సదాశివరావు తెచ్చిన ఆఫీసువాళ్ళూ, ఇరుగుపొరుగూ. “మా అమ్మాయి తెలుగు వింటారు చూడండి,” అని ఆయన ముందు వరసలో కూర్చోబెట్టాడు.

లైట్లు ఆర్పారు. పొగలోంచి ఎల్లవ్వ నడిచొచ్చింది. ఆ ఇంటి ముందు నిలబడింది. నోరు తెరిచింది.

గొంతు మైథిలిది కాదు.

చక్కటి గొంతు. బరువూ పదునూ ఉన్న గొంతు. ఎక్కడా తడబాటు లేదు, యాస ఇసుమంతైనా జారలేదు. ఎనిమిది నెలలు బస్సుల్లో నిలబడి నేర్చుకున్న ప్రతి మాటకీ తెరమీద తన పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం ఇంకెవరిదో వినపడుతోంది. మైథిలి వెనక్కి తిరిగి చూసింది. ప్రొజెక్టర్ పక్కన సుహాస్ నేలచూపులు చూస్తున్నాడు. పొరపాటున జరిగింది కాదన్నమాట.

ఆమెకు మిగతా సినిమా ఏమీ గుర్తులేదు.

లైట్లు వెలిగాక సదాశివరావు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. “విన్నారా మా అమ్మాయి తెలుగు,” అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. “దిల్లీలో పుట్టిందంటే నమ్ముతారా?” అందరూ చప్పట్లు కొట్టారు. మైథిలి నవ్వింది. అంతకన్నా చచ్చిపోవడం సులువుగా ఉండేది.

మెట్ల దగ్గర సుహాస్ వెంటపడ్డాడు.

“చెప్దామనే అనుకున్న, మైథిలీ.”

“ఎప్పుడు?”

“మూడు వారాల కింద ఓటీటీవాళ్ళు చూసిన్రు. మొహం బాగున్నదన్నరు, మాట దిల్లీ లెక్క ఇనవడుతున్నదన్నరు. హైదరాబాద్‌ల ఒకామెతోని చెప్పించిన. సినిమాలల్ల అందరు చేసేదే గద. పెద్ద పెద్ద హీరోయిన్లకే...”

“మూడు వారాల నుంచి రోజూ మాట్లాడుకున్నాం.”

“ధైర్యం చాలలే.”

ఆమె రెయిలింగు పట్టుకుంది. “ఎల్లవ్వ పళ్ళు ఎందుకు పీకారు సుహాస్?”

“మంత్రం పలక్కుండ.”

“మరి నువ్వు?”

సౌండ్ మనిషి, ఒక్క శబ్దం చేయలేకపోయాడు.

“ముఝే ఘర్ జానా హై, సుహాస్ జీ,” అంది మైథిలి.

ఆ ‘జీ’ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు.

ఇంట్లో కూడా తెలుగు ఆగిపోయింది. ‘చాయ్ తాగుతావా అమ్మా’ అని తండ్రే అడిగేవాడు. ‘నహీ పాపా’ అనేది. సుహాస్ మెసేజీలు చూసేది, జవాబివ్వకుండా ఫోను బోర్లించేది. ఆఫీసు, మెట్రో, ఇల్లు. లేడీస్ కోచ్‌లో కిక్కిరిసిన జనం మధ్య నిలబడి అతన్ని తిట్టుకోబోతే, తిట్లు కూడా అతను నేర్పిన యాసలోనే వచ్చేవి. అది తలుచుకుని ఏడ్చేది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. ఆ రద్దీలో ఎవరి ఏడుపు వాళ్ళది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఓటీటీవాళ్ళు సినిమా వద్దన్నారు. “మంత్రగత్తెల కథలు ఎక్కువైపోయాయట,” అని క్యాంటీన్లో భావన చెప్పింది. శాపం తగిలిందని సంతోషించాల్సిన మైథిలి తినే ప్లేటు పక్కకు తోసేసింది. తనని తీసేసి కూడా అతను ఏమీ సంపాదించుకోలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. ఆ రేవడి మీద తనకింకా ప్రేమ చావలేదని తెలిసి ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

నాలుగో ఆదివారం పొద్దున బెల్ మోగింది. సదాశివరావు తలుపు తీశాడు. లోపలి గదిలో ఉన్న మైథిలికి గొంతు వినగానే తెలిసిపోయింది.

“లోపలికి రా అబ్బాయ్.”

“వద్దంకుల్. ఈడనే నిలవడి చెప్పిపోత.” సుహాస్ గుమ్మం బయటే ఆగాడు. “ఆ రోజు మీరు ఇన్న గొంతు మైథిలిది కాదు. నేనే మార్పించిన. మీరు అందరి ముందల అంత సంబురపడ్డరు. అప్పటిసంది నాకు నిద్ర లేదు.”

“తెలుసు.”

“మైథిలి చెప్పిందా?”

“అది చెప్పాలిటయ్యా? పక్క గదిలో అది ముక్కు చీదితే జలుబో ఏడుపో చెప్పగలను నేను. నెల్రోజులుగా జలుబు కాదు.”

“మరి ఆనాడు...”

“నలుగురి మధ్యా దాని మొహం చూశాను. నీ గొంతేదమ్మా అని అందరి ముందూ అడగమంటావా?”

తలుపు వెనక మైథిలి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయన మురిసిపోయాడనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆయన ఆ రోజంతా తనని కాచుకున్నాడు.

“తప్పు దిద్దిన అంకుల్,” అంటున్నాడు సుహాస్. “ఆమె గొంతే మల్ల పెట్టిన. షూటింగ్‌ల రికార్డు చేసిందే. క్వారీల రాళ్ళ మిషను సప్పుడుకు సగం మాట ఇనవడదు. అయినా అట్లనే ఉంచిన. ఇగ దాన్ని ఎవరు చూస్తరని కాదు.”

“దాన్ని అడిగి పెట్టావా?”

సుహాస్ తల అడ్డంగా ఊపాడు.

“మొదటిసారి అడక్కుండా తీశావు. రెండోసారి అడక్కుండా పెట్టావు. మా సెక్షన్లో కాగితం కూడా ఇలా కదలదు నాయనా.” సదాశివరావు లోపలికి తిరిగాడు. “అమ్మాయ్, ఇతను నిన్నేదో అడగాలిట.” అని, వంటింట్లో భార్యకి సాయం చేసే అలవాటు ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ లేని మనిషి, వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మైథిలి వచ్చి గుమ్మానికి ఇటు నిలబడింది. అతను చిక్కిపోయాడు. గడ్డం మాసింది. అవి చూసి కరగకూడదనుకుంది.

“నీ గొంతు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?” అన్నాడు సుహాస్. “నువ్వు ఎట్లంటే అట్ల. వద్దంటే సినిమానే పక్కన పెడత.”

ఆమె ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులోనే అంది. “ఉంచు. రాళ్ళ మిషనుతో సహా ఉంచు.”

అతను తలూపాడు.

“ప్రివ్యూ అయ్యాక నీకో మాట చెప్దామనుకున్నా. నువ్వు రాసిచ్చింది కాదు. నేను తయారుచేసుకున్నది. రోజూ అద్దం ముందు ప్రాక్టీస్ చేశా.”

ఆ మాటేమిటో సుహాస్‌కి అర్థమైంది. అర్థమైనకొద్దీ అతని మొహం పాలిపోయింది.

“ఇప్పుడు చెప్పు.”

“రావట్లేదు.”

“అయితే నేను చెప్త. నువ్వంటే నాకు పానం, మైథిలీ. ఆ వానరోజు నుంచే. కాదు, నన్ను తిట్టి బ్యాగేసుకున్న రోజు నుంచే.”

మైథిలి కళ్ళు నిండిపోయాయి. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మాట వచ్చింది, వచ్చి ఎక్కడో దూరంగా పడింది. “నీకు సులువే,” అంది. “నీ భాష పుట్టినప్పట్నుంచీ నీ నోట్లో ఉంది. నాది ఎనిమిది నెలలు కష్టపడి తెచ్చుకున్నా. నువ్వు తీసుకెళ్ళి వేరేవాళ్ళకిచ్చావు.”

“మల్ల రాదా?”

“తెలీదు.”

“ఎన్ని రోజులైతది?”

“తెలీదన్నాగా. రాకపోవచ్చు కూడా. రాకపోతే ఏం చేస్తావు?”

వెళ్ళిపోతాడనుకుంది ఆమె. వెళ్ళిపోతేనే బాగుండుననీ, వెళ్ళిపోతే బతకలేననీ రెండూ ఒకేసారి అనుకుంది. అతను గుమ్మం బయటే వంగి, నెమ్మదిగా బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక బూటు పక్కన పెట్టాడు. రెండోది ముడిపడితే అక్కడే మెట్టు మీద కూర్చుని విప్పుతున్నాడు.

మైథిలి ఏడుస్తూనే ఉంది. కాని తలుపు వేయలేదు.