నేలమాళిగలో మూడో చాప్టర్

భూకంపాల డిపార్ట్‌మెంట్ నేలమాళిగ మంచిది కాదు. ఈ మాట మొదట ఎవరన్నారో తెలీదు గానీ, చీకటి పడ్డాక వాచ్‌మన్ కూడా ఆ మెట్లు దిగడు. తొమ్మిదేళ్ళు రీసెర్చి చేసి, థీసిస్ ఇవ్వకుండానే పోయిన ఓ సీనియర్ అక్కడే పచార్లు చేస్తుంటాడట. పాపం, చచ్చాక కూడా గైడు సంతకం కోసమే.

అదే గైడు దగ్గర ఐదో ఏడు వెలగబెడుతున్న స్కాలరమ్మకి ఇవేవీ పట్టవు. ఆవిడ నమ్మేది డేటా ఒక్కదాన్నే. నేలమాళిగలో నేల కదలికలు రాసే యంత్రం ఉంది. డ్రమ్ము తిరుగుతుంటే పెన్ను గీత గీస్తుంటుంది. నాలుగేళ్ళుగా రోజూ రాత్రి పదకొండున్నరకి ఆ గీత వణుకుతోంది. బిల్డింగు కింద నేలలో పగులుందనీ, అది రోజూ కాస్త జరుగుతోందనీ ఆవిడ మూడో చాప్టరంతా రాసేసింది. గైడు మార్జిన్లో "అద్భుతం" అని రాశాడు కూడా.

ఎల్లుండే సబ్మిషన్. మూడో చాప్టరు పోతే థీసిసే పోయినట్టు. ఆఖరిసారి ఆ వణుకు కళ్ళారా చూసొద్దామని టార్చి పట్టుకుని దిగింది.

పదకొండు ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది...

థప్.

థప్... థప్... యంత్రం మీది చిన్న బల్బు వెలుగులో, వెనక గోడ మీద ఓ నీడ — లేస్తోంది, పడుతోంది. దాని తల మీదుగా ఏదో పాములా తిరుగుతోంది. డేటా మీద నమ్మకం కాస్తా అరికాళ్ళలోంచి జారిపోయింది.

అటు టార్చి వేసింది.

గైడు. బనీనుతో, చెమటలు కక్కుతూ... స్కిప్పింగ్ తాడుతో.

"డాక్టరు ఎగరమన్నాడమ్మా," అన్నాడు గుసగుసగా. "ఇంట్లో ఎగిరితే కింద వాటా వాళ్ళు గొడవకొస్తున్నారు."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ చాకిరీ సార్ పొట్ట పాలైందన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"మొన్న సోమవారం నుంచే."

నాలుగేళ్ళ గీతలు ఆవిడ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. సార్‌కీ లెక్క తట్టినట్టుంది, తాడు జారవిడిచాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డారు.

డ్రమ్ము మీద పెన్ను మాత్రం... ఊగుతూనే ఉంది.

"మూడో చాప్టర్లో ఒక్క అక్షరం మార్చకు," అన్నాడు సార్, మెట్ల వైపు వెనక్కి నడుస్తూ. "పైకి పద. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

సంతకం మాట వినగానే, యంత్రం అవతల చీకట్లో... ఎవరో గబగబా కాగితాలు సర్దుకుంటున్న చప్పుడైంది.