తలుపు మీది సుద్దరాత

హరిబాబు లోకో షెడ్‌లో టెక్నీషియన్. అతని షిఫ్టు వారానికోసారి మారుతుంది కాబట్టి తాల్‌బగీచా అనే రైల్వే పేటలోని వాళ్ళ వంటింటి తలుపు వెనక భార్య మీనాకుమారి దాన్ని సుద్దముక్కతో రాసి పెడుతుంది. అన్నం ఎప్పుడు వండాలో, టీవీ ఎప్పుడు తగ్గించాలో ఆ తలుపే చెప్పాలి. రైల్వే ఇళ్ళల్లో ఇదేమీ వింత కాదు. వింతల్లా, మూడేళ్ళుగా ఆ షిఫ్టు కింద కూతురి డ్యూటీ కూడా ఉండడమే.

"ఏడు – కుళాయి నీళ్ళు, టీ. పది – బడి పిల్లలు. ఒంటిగంట – గేటు దగ్గర టూరిస్టులు. నాలుగు – అమ్మకి ఫోన్."

కూతురు కిరణ్మయి హిమాచల్‌లో ఓ మారుమూల లోయలో, నేషనల్ పార్కులో ఎడ్యుకేటర్. మంచు చిరుత అడుగుల్ని ఎలా గుర్తుపట్టాలో బడి పిల్లలకు చూపిస్తుంది. గొర్రె పోయిందని ఏడ్చే కాపరి పక్కన కూర్చుని, చిరుతకి విషం పెట్టొద్దని బతిమాలుతుంది. మీనాకుమారి ఆ లోయను ఎన్నడూ చూడలేదు. అయినా గడియారం పది కొట్టగానే, కూర తరుగుతూ "పిల్లలొచ్చేసుంటారు" అని గోడకి చెబుతుంది.

కూతుర్ని పంపేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. రోజూ నాలుగింటికి గొంతు వినపడాలి, లేకపోతే ఉద్యోగం మానేసి వచ్చేయాలి. మూడేళ్ళలో ఆ ఫోన్ ఒక్కరోజే తప్పింది. దానికే మూడు రోజులు అలిగింది మహాతల్లి.

ఇప్పుడు కూతురు సెలవు మీద ఇంట్లో ఉంది. గురువారం ప్రయాణం. మంచు పడి దారి మూసుకుపోయేలోపు చేరాలి, మళ్ళీ రావడం ఏప్రిల్‌కే. ఆ ఆదివారం పొద్దున్నే తలంటడానికి నూనె వెచ్చబెట్టి, కూతుర్ని పెరట్లో పీట మీద కూర్చోబెట్టింది.

"కాలు సాపు."

"నేను రాసుకుంటానమ్మా."

"పుట్టినకాడినుంచీ రాసినాను, ఇప్పుడు సిగ్గేటే నీకు?" అంటూ మేజోడు లాగేసింది.

ఎడమ కాలి చివరి రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. చర్మం నల్లబడి ముడుచుకుపోయి ఉంది. మీనాకుమారి నూనెగిన్నె కింద పెట్టేసింది.

"ఏటిది?"

"మంచుకి కమిలిపోయాయి. తగ్గిపోయిందిలే."

"ఆఫీసులో కూకునేదానివి, మంచులో ఏటి పని?"

కిరణ్మయి, అరుగు మీద పేపరు చదువుతున్న తండ్రి వైపు చూసింది. హరిబాబు పేపరు మడతపెట్టాడు. ఆ మడతతోనే దొరికిపోయాడు.

"మీకు తెలుసా?"

"నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది."

"తండ్రీకూతుళ్ళు కలిసి నా కళ్ళకి గంతలు కట్టినారా! ఆ కుళాయి నీళ్ళూ అబద్ధమేనా?"

"చలికాలం కుళాయి గడ్డకట్టేస్తుందమ్మా. మంచు కరిగించుకుంటాం."

మీనాకుమారి విసురుగా లేచి వెళ్ళి, తడిగుడ్డతో తలుపంతా తుడిచేసింది. పాపం, హరిబాబు షిఫ్టూ పోయింది.

"నువ్వెల్లొద్దు. ప్రేమ్ బజార్‌లో బడి నడిపే రాధారాణి మేడమ్‌ని అడిగితే రేపే బడిలో పెట్టుకుంటాది. పాఠమే గదా, ఇక్కడ సెప్పు."

"ఇక్కడ చెప్పడానికి వందమందున్నారు. అక్కడ నేనొక్కదాన్నే. గొర్రెల దొడ్లో దూరిన చిరుతపిల్లని కొట్టబోయి, 'దీదీ వచ్చేదాకా ఆగుదాం' అని ఆగినారమ్మా ఆ ఊరివాళ్ళు."

"నాకు మాత్రం ఎంతమందున్నారే? నానూ ఒక్కదాన్నే గదా కన్నాను!"

కిరణ్మయికి ఏడుపొచ్చేసింది. ఇక ఉండబట్టలేక హరిబాబు నోరు విప్పాడు.

"ఆ కాలు ఎక్కడ కమిలిపోనాదో అది కూడా అడుగు మీనా."

కూతురు తల వంచుకునే చెప్పింది.

"ఊళ్ళో సిగ్నల్ లేదమ్మా. కొండ మీదే వస్తుంది. గంటన్నర ఎక్కాలి. ఆ రోజు మోకాళ్ళ లోతు మంచు. నువ్వు ఎదురుచూస్తుంటావని బయల్దేరినాను. సగం దారిలో జారిపోయినాను."

ఫోన్ తప్పిన రోజు అదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"రోజూ ఎక్కినావా?"

"రోజూ."

మీనాకుమారి మళ్ళీ పీట దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. ఎన్నిసార్లు రెండు నిమిషాలైనా కాకుండానే, "సరే పెట్టీ, పాలు పొంగిపోతన్నాయి" అని తానే ఫోన్ పెట్టేసింది! ఆ కమిలిన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని, నూనె రాసింది.

మర్నాడు కిరణ్మయి లేచేసరికి తల్లి సుద్దముక్క పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నిజం సెప్పు. నాను రాస్తాను."

"ఏడు – మంచు కరిగించడం. ఎనిమిది – గదిలో పొయ్యి రాజేయడం. పది – పిల్లలు. ఒంటిగంట – టూరిస్టులు. నాలుగు..."

కిరణ్మయి ఆగింది. మీనాకుమారి ఆగలేదు. "నాలుగు – పొయ్యి దగ్గర కూర్చోవాలి" అని రాసింది. దాని కింద, "ఆదివారం, ఎండ కాస్తేనే ఫోన్."

"అమ్మా, మరి మిగతా రోజులు?"

"మిగతా రోజులు నాను నీతో మాటాడతాను. నీకు ఇనపడకపోతే ఏటి?"

కూతురు ఆమె చేతిలోంచి సుద్ద తీసుకుని, కిందనే మరో వరుస రాసింది: "నాలుగు – అమ్మ టీ తాగాలి. ఏడవకూడదు."

మీనాకుమారి పైకి చదివింది. కొంగుతో ముందు కళ్ళు తుడుచుకుంది. అదే కొంగుతో ఆ చివరి మాట తుడిచేసింది.

"టీ తాగుతానులే. రెండోది నా వల్ల కాదు."