ఒంటి తీగ బల్బు

అరబ్బు దేశపు రేవు రైసూత్‌లో దేవయ్య పేరు చెబితే ట్రాన్స్‌ఫార్మర్లు సైతం గొంతు తగ్గించి గుయ్యిమనేవి. అబద్ధమనుకునేవాళ్లు ఆ రోజుల్లో అక్కడ డ్యూటీ చేసిన ఎవరినైనా అడగొచ్చు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, అక్కడి చేపల కంపెనీలో పదిహేనేళ్లుగా ఎలక్ట్రీషియన్‌. మెయిన్ లైను పేలిన రోజున ఏడుగురు ఇంజనీర్లు గోడను కరుచుకుని నిలబడితే, పంటి కింద తమలపాకు నములుతూ ఒక్క చేత్తో దాన్ని అతికించిన మనిషి.

కరెంటు పేరు చెప్పి మోసం చేసేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. మీటరు బిల్లు సగం చేసే పెట్టె అని షినాస్‌లో ఒకడు చూపిస్తే, విప్పి అందులోని దోసెడు ఇసుకను వాడి నెత్తినే పోశాడు. ఖురియాత్‌లో ఇంకొకడు సముద్రపు నీళ్లతో బల్బు వెలిగిస్తున్నాడంటే, బల్ల కాలు రంపంతో కోసి దాచిన సెల్లులు బయటికి లాగాడు.

తొంభై మూడు జూలైలో ఒక శుక్రవారం. సలాలా వైపు ఆ నెలల్లో విడవకుండా పడే ముసురు బయట సన్నగా కురుస్తోంది. రూమ్‌లో అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్న దేవయ్య దగ్గరికి వహీద్ వచ్చాడు. కడప పిల్లగాడు, కంపెనీలో ఐసు గడ్డలు మోసే పని.

"అన్నా, ఒకటే తీగతో బల్బు వెలుగుతాందన్నా. ప్లగ్గు లేదు, సెల్లు లేదు. నా కండ్లతో చూసినా."

"నీ కండ్లకు చేప పొలుసు గట్టింది తమ్మీ. పోయే తొవ్వ ఉంటే మళ్ల వచ్చే తొవ్వ ఉండాలె. ఒక్క తీగల కరెంటెట్ల పారుతది?"

"ముర్తుజా చాచా చేసినాడు. నాకు ఊరికే ఇస్తానంటాండాడు. మా ఇంట్లో కరెంటు లేదు గదన్నా... రాబియాకు నెలలు నిండినాయి. కాన్పు గదిలో తగిలిద్దామని. ఆదివారం నా ఫ్లైటు."

దేవయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. దొంగ సామాను పసిగుడ్డు నెత్తిన వేలాడుతుందా! "నడువ్. అది సాఫైతే నా మీసం తీసేస్త. దొంగదైతే వానిముందే పగలగొడ్త."

ముర్తుజాది హైదరాబాదు. కంప్రెసర్ చెడిపోయి రెండేళ్లుగా మూలపడ్డ పాత కోల్డ్‌రూమ్‌కి కాపలా. దగ్గరికి వెళితే ముక్కు పగిలిపోయేంత అత్తరు. కుడిచేతికి ఎప్పుడూ గుడ్డ చుట్టే ఉంటుంది. అడిగితే కాలిందంటాడు.

"ఆవో దేవయ్య భాయ్," అన్నాడు, నవ్వకుండా. "అసలైన కరెంటోడు ముట్టి చూసినంకనే ఇస్త వహీద్‌కు. నా షర్తు గంతే."

దేవయ్య ముందు మెయిన్ ఆపాడు. కంపెనీ, క్యాంపు మొత్తానికీ అదొక్కటే మెయిన్. స్విచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక అది దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు. అప్పుడు కోల్డ్‌రూమ్ తలుపు లాగాడు.

మిట్టమధ్యాహ్నం. లోపల మాత్రం కిటికీ లేని చీకటి. గోడల రేకుల వెనక ఇంకిపోయిన చేపనెత్తురు ముసురు తేమకు మళ్లీ ఊరి, జిగటగా కిందికి జారుతోంది. కాలు ఎత్తినప్పుడల్లా చెప్పు చప్పరించినట్టు శబ్దం. పుల్లటి, తియ్యటి కంపు గొంతులోకి దిగి, నాలుక మీద రుచిలా కూర్చుంది.

ఆ చీకటి మధ్యలో, చెక్కపెట్టె మీద బల్బు వెలుగుతోంది.

పసుపు వెలుతురు. కింద పాలపొడి డబ్బా. డబ్బాలోంచి బల్బుకు ఒకటే తీగ. హోల్డర్ రెండో మొన ఖాళీ.

వహీద్, ముర్తుజా తలుపు దగ్గరే ఆగారు. దేవయ్య ఇద్దరికీ వినబడేలా నవ్వాడు. వల దారాలతో డబ్బాను పైనున్న చేపల కొక్కేనికి వేలాడదీశాడు. నేల తగలదు, గోడ తగలదు. బల్బు వెలుగుతూనే ఉంది. తీగకు టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. మీటరు పెట్టాడు. ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

కరెంటు లేదు. వెలుతురు ఉంది.

నవ్వు ఆగింది. డబ్బా మూత తీశాడు.

రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. పచ్చబడి, చిలుం పట్టి. సందుల్లో చల్లారిన మటన్ కూర మీద పేరుకునే కొవ్వులాంటిది, పసుపుగా, వణుకుతూ. తీగ దేనిచుట్టూ చుట్టారో చూద్దామని ఊదాడు.

కొవ్వు కింద చర్మం ఉంది.

ఈకలు పీకిన కోడిచర్మంలా సన్నటి రంధ్రాలు. అతని ఊపిరి తగలగానే... ఆ రంధ్రాలన్నీ ఒక్కసారిగా గగుర్పొడిచాయి.

తలుపు దగ్గర మనుషులు చూస్తుండగా దేవయ్య వెనక్కి తగ్గడమా?

ఇంక మిగిలింది ఒకటే పరీక్ష. ముంబైలో పని నేర్పిన మేస్త్రీ చెప్పింది. అరచెయ్యి పెడితే కరెంటు పిడికిలి బిగించి పట్టేస్తుంది. చెయ్యి వెనకభాగం పెట్టాలి. అది విసిరికొడుతుంది, మనిషి బతుకుతాడు. వెయ్యి తీగల్ని అలాగే చూశాడు దేవయ్య.

కుడిచెయ్యి తిప్పి, వెనకభాగం తీగకు ఆనించాడు.

విసిరికొట్టలేదు.

తడిగా... గరుకుగా... మణికట్టు నుంచి వేళ్లదాకా... ఏదో నాకింది.

నెమ్మదిగా. రుచి చూస్తున్నట్టు.

బల్బు తెల్లగా మండింది. రేకుల మీద కారుతున్న జిగటంతా మెరిసింది. చెయ్యి వెనక్కి లాగాడు. రాలేదు. ఇంకోసారి నాకింది. పళ్లు బిగించి గుంజితే, పాచిపోయిన గంజిలా సాగే తీగలతో ఊడి వచ్చింది. చెయ్యి మీద చర్మం మూడు రోజులు నీళ్లలో నానిన చేపపొట్టలా తెల్లబడి ఉంది.

తలుపు దగ్గర్నుంచి గుసగుస. "అన్నా... దొంగదేనా?"

దేవయ్య బతుకులో ఎన్నో కోతలు కోశాడు. ఒక్కటీ ఎవరికీ పనికిరాలేదు. ఆ క్షణాన రాబియా కాన్పు గది, దూలానికి వేలాడే ఈ డబ్బా, కింద చాప మీద ఇంకా బొడ్డు కొయ్యని బిడ్డ... కళ్లముందు తిరిగాయి. ఎడంచేత్తో తన టార్చిలైటు వెనక మూత తిప్పాడు. ఒక సెల్లు అరచేతిలోకి జారింది. దాన్ని డబ్బాలో ముంచి, జిడ్డు కారుతుండగా పైకెత్తి చూపించాడు.

"సెల్లు తమ్మీ! లోపల దాచిండు. మందు కారి కుళ్లింది, గదే కంపు. థూ... దొంగ సామాను!"

"అట్లనా..." వహీద్ గొంతు వాడిపోయింది. "నేను నమ్మినాన్నా."

"కిరసనాయిలు దీపం చాలు నీ బిడ్డకు. దీన్ని ముట్టకు. బయటికి నడువ్."

సుత్తి తీసి కొట్టాడు. డబ్బా నలిగింది. పగిలిన పుండులా చిమ్మినదేదో ముఖం మీద పడింది. వెచ్చగా ఉంది. అదంతా తనే గోనెలో ఎత్తి, రేవు చివరికి మోసుకెళ్లి సముద్రంలో విసిరాడు. రొట్టెముక్క పడితే ఎగబడే చేపలు దాని చుట్టూ ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

తిరిగి చూస్తే వెనక ముర్తుజా. వహీద్ వెళ్లిపోయాడు.

"పోరనికి మంచి అబద్ధం చెప్పినవ్ భాయ్," అన్నాడు మెల్లగా.

"ఏందిరా అది? ఏం జేసినవ్ దాంట్ల?"

"నేను చేయలే. నాక్కూడ ఒకడు చూపిచ్చిండు. నేనూ మొనగాణ్నే... ముట్టి చూసిన. ఇంకో మొనగాడు ముట్టేదాక ఇడువదన్నడు." కుడిచేతి గుడ్డ విప్పసాగాడు. ఒక్కో చుట్టుకూ అత్తరు కింద దాగిన కంపు లేచింది. ఆఖరి చుట్టు ఊడింది. లోపల చెయ్యి నున్నగా, గులాబి రంగులో, అప్పుడే పుట్టిన బిడ్డ చెయ్యిలా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని ఏడ్చాడు ముర్తుజా. జేబులోంచి అత్తరు సీసా తీసి, దేవయ్య కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు.

దేవయ్య రూమ్‌కి వచ్చి సబ్బు అరిగేదాకా చెయ్యి కడిగాడు. ఫినాయిల్‌తో కడిగాడు. తెలుపు పోలేదు. కంపు పోలేదు. వాసన చూసిన ప్రతిసారీ నోట్లో ఉమ్మి ఊరుతోంది... అదే అన్నిటికంటే అసహ్యంగా ఉంది.

బయట మనుషులు అరుస్తున్నారు, "దేవయ్యన్నా, కరెంటెప్పుడిస్తవ్?" మెయిన్ ఇంకా ఆపే ఉంది. తాళంచెవి మొలతాడుకే ఉంది.

మంచం మీద కూర్చుని, జేబులోంచి టెస్టర్ తీశాడు. పదిహేనేళ్లుగా ఒక్కసారి కూడా అబద్ధం చెప్పని టెస్టర్. దాని మొన తన కుడిచేతి మీద ఆనించాడు.

వెలిగింది.

ఎర్రగా, చిన్నగా. ఆగి, మళ్లీ వెలిగింది. నాడి కదా, అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి, మణికట్టు మీద నరం కొట్టుకోవడం చూస్తూ లెక్కపెట్టాడు.

నరం కొట్టినప్పుడు ఆరిపోతోంది. ఆగినప్పుడు వెలుగుతోంది, ఇంకేదో నాడి కొట్టుకున్నట్టు.