ఎవరో తలుచుకుంటున్నారు

మంగతాయారు ముసలాయన ముక్కూ నోరూ కప్పిన తొడుగుకి చెంప దగ్గరున్న మరను కొద్దిగా తిప్పి, చెవి ఆనించి వింది. లోపలి రేకు ఇంకా తొందరపడుతోంది. మరికాస్త తిప్పింది. ఇప్పుడు కుదిరింది. గాలి లోపలికి వెళ్ళడం, ఆగడం, బయటికి రావడం, మళ్ళీ ఆగడం. అద్దాల గది బయట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ జనం ఊపిరిలో ఆయన ఊపిరి కూడా కలిసిపోయింది.

"ఇప్పుడెలా ఉందండి?"

"బానే ఉందమ్మా. పొద్దున్నించీ ఒకటే తడబాటు. మనవరాలికి పురుడొచ్చే రోజులు కదా, అందుకనీ..."

"ఆ సంగతి బస్సెక్కాక కూడా ఆలోచించకండి. తొడుగు ఎలా పీల్చమంటే అలా పీల్చండి. మీరుగా పీల్చొద్దు."

ముసలాయన బుద్ధిగా తలాడించి మెల్లగా వెళ్ళిపోయాడు. ఆ బస్‌స్టాండులో ఎవరూ గబగబా నడవరు. గబగబా నడిస్తే తొడుగు చెంప మీద వెలిగే నీలం చుక్క పసుపుపచ్చగా మారుతుంది.

పొద్దున్న పూట ఈ గదిలోంచి చూడటం మంగతాయారుకి ఇప్పటికీ అలవాటు కాలేదు. అమలాపురం వెళ్ళేవాళ్ళు, యానాం వెళ్ళేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, గంపలు దించుకున్న చేపలవాళ్ళు, అందరి భుజాలూ ఒక్కసారే లేస్తాయి, ఒక్కసారే దిగుతాయి. అందరి చెవుల దగ్గరా ఒకే సన్నని చప్పుడు. దాన్ని ఊరిలయ అంటారు. పైన రేకుల షెడ్డు కూడా దాంతోపాటే పీల్చి వదులుతున్నట్టుంటుంది. ఒకప్పుడు ఆ దూలాల మీద పావురాలుండేవి. ఊరిలయ పెట్టిన ఏడాదే అవి లేచిపోయాయి, మళ్ళీ రాలేదు. తెలివైనవి.

గాలిజబ్బు రోజుల్లో జబ్బుకంటే ముందు దడ అంటుకునేదట. వరసలో ఒకళ్ళు ఎగశ్వాస పీలిస్తే పక్కవాళ్ళకీ అదే పట్టుకునేది, ఆ తోపులాటలో జబ్బు తన పని తాను చేసుకుపోయేది. అందుకని లయశాఖవాళ్ళు ముందు గాలిని వడకట్టే తొడుగులిచ్చారు. తర్వాత ఊపిరిని నడిపించే తొడుగులిచ్చారు. జబ్బు ఉందో పోయిందో ఇప్పుడెవరికీ తెలీదు. అడిగితే ఊపిరి మారుతుంది కాబట్టి ఎవరూ అడగరు.

ఇంతా చేస్తే ఆ యంత్రానికి దడంటే ఏమిటో తెలియదు. చుట్టుపక్కల ఊపిరికీ ఈ మనిషి ఊపిరికీ తేడా ఎంతో అది మాత్రమే తెలుసు. ఏడుపైనా, నవ్వైనా, మెట్లెక్కిన ఆయాసమైనా దానికొకటే. మంగతాయారు తమ్ముడు కొండబాబు నవ్వే దొరికిపోయాడు. ఎవరిదో పెళ్ళిలో పెళ్ళికొడుకు కంగారుపడి జీలకర్ర బెల్లం పురోహితుడి నెత్తిన పెట్టబోయాడు. పందిరంతా నవ్వు మింగేసుకుంది. కొండబాబు మింగుకోలేకపోయాడు. చుక్క ఎర్రబడగానే లయశాఖ పంపే నెమ్మదివాళ్ళు చక్రాల కుర్చీ తోసుకుంటూ భోజనాల వరసల మధ్యకే వచ్చి తీసుకుపోయారు.

వానాకాలం వెళ్ళాక నెమ్మది నిలయం నుంచి పంపించేశారు. మనిషి ఒళ్ళు చేశాడు, జుట్టు నున్నగా దువ్వుకున్నాడు. గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చాండీ?" అని అక్కని అడిగాడు. అప్పటినుంచీ అలాగే. "మీరు తిన్నారాండీ?" "దీపం తీసెయ్యమంటారాండీ?" ఏమే, పోవే అంటూ అక్క జడ పట్టుకు లాగినవాడు ఆమెని మీరు అంటుంటే మంగతాయారుకి ఒళ్ళు జలదరించేది. ఒక్కోసారి అన్నం పెడుతూ "అక్కా అనరా" అని బతిమాలేది. "అలాగేనండి" అనేవాడు. అమ్మా నాన్నా గాలిజబ్బులో పోయారు. ఆ ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే, అందులో ఒకళ్ళకి రెండోవాళ్ళు ఎవరో తెలియదు.

గోడలోని గొట్టంలోంచి తాతాజీ గొంతు వినిపించింది. ఆయన పైగదిలో కూర్చుని స్టాండు మొత్తం ఊపిరి చూస్తుంటాడు.

"తాయారుగారూ, తుని బస్సు వరసలో తేడా వస్తోందండి. ఓసారి చూస్తారా?"

మంగతాయారు తొందరపడకుండా వెళ్ళింది. వరస చివర చేతిసంచీతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చెంప మీద చుక్క పసుపుపచ్చగా వెలుగుతోంది. ముందూ వెనకా జనం జరిగిపోయారు. జరగడం కూడా ఊపిరి వదిలేటప్పుడే, అందరూ కలిసే.

"ఏమ్మా, ఏమైంది?"

"ఏం లేదండి. ఎక్కిళ్ళండి." మాట పూర్తవకుండానే భుజాలు ఎగిరిపడ్డాయి.

గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. పేరు లోవకుమారి. నర్సు చదువు చదువుతోంది. మంగతాయారు మర తిప్పింది, రేకు మార్చింది, లయ పెంచింది. తొడుగు చెప్పినట్టే అమ్మాయి ఊపిరి నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఎక్కిలి వచ్చి దాన్ని తెంపేస్తోంది.

"కాసిని నీళ్ళు తాగితే పోతాయండి," అంది లోవకుమారి గోడవారనున్న కుండ వైపు చూస్తూ.

"తొడుగు దించితే వెంటనే ఎరుపొస్తుందమ్మా."

"మరెలాగండీ? ఈ బస్సు తప్పిపోతే కష్టమండి."

మంగతాయారుకి నవ్వొచ్చింది, మింగేసింది. "మా అమ్మమ్మయితే ఎవరో తలుచుకుంటున్నారే అనేది. పేర్లు చెప్పిచూడు. సరైన పేరు దగ్గర ఆగిపోతాయంట."

"మా అమ్మా అలాగే అనేదండి." అమ్మాయి కళ్ళు మూసుకుంది. "సీతమ్మత్త." ఎక్కిలి. "పిన్ని." ఎక్కిలి. "రజియా... అంటే మా హాస్టల్లో అమ్మాయండి." ఎక్కిలి. ఊళ్ళోవాళ్ళూ, పాలావిడా, టీచరమ్మా, అందరూ అయిపోయారు.

"ఇంకెవరూ లేరా?"

"ఒకళ్ళున్నారండి. ఆ పేరు చెప్పనండి."

"చెప్తే ఆగిపోవచ్చుగా?"

"ఆగకపోతేనండీ?"

మంగతాయారు మర మీదినుంచి చెయ్యి తీసేసింది.

"మా అమ్మండి," అంది లోవకుమారి. "కిందటేడు మా నాన్న పోయినప్పుడు శ్మశానం గేటు దగ్గర గట్టిగా ఏడ్చిందండి. నిలయానికి తీసుకెళ్ళిపోయారు. ఇవాళ మధ్యాహ్నం తునిలో వదిలేస్తారంటండి. ఎవరూ వచ్చి తీసుకెళ్ళకపోతే మళ్ళీ లోపలికే పంపించేస్తారంట. నేనొక్కదాన్నేనండి ఆవిడకి." ఎక్కిలి. "వాళ్ళకి ఎవరూ గుర్తుండరంటారు కదా. మీరు ఇలాంటివాళ్ళని చూసుంటారుగా. గుర్తుపడుతుందంటారాండీ?"

ఉదయం బయలుదేరేటప్పుడు కొండబాబు "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడు. మంగతాయారుకి ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"ముందు నువ్వు బస్సెక్కు," అంది.

అదే క్షణంలో అమ్మాయి చెంప మీది చుక్క ఎర్రబడింది. గొట్టంలో తాతాజీ గొంతు నీరసంగా పలికింది. "నెమ్మదివాళ్ళకి కబురెళ్ళిపోయిందండి. నా చేతుల్లో లేదు."

ప్లాట్‌ఫారం ఆ చివర తలుపు తెరుచుకుంది. బూడిదరంగు బట్టల్లో ఇద్దరు, వాళ్ళ ముందు చక్రాల కుర్చీ. తొందర కూడా తడబాటే కాబట్టి వాళ్ళు ఎన్నడూ తొందరపడరు. చక్రాలకి చప్పుడు లేదు. వాళ్ళు అడుగు వేసేది కూడా ఊరిలయలోనే. దారిలో ఉన్నవాళ్ళు ఊపిరి వదులుతూ పక్కకి తప్పుకున్నారు, మళ్ళీ వదిలేటప్పుడు మొహాలు అటు తిప్పుకున్నారు. అంతమంది తలలు ఒకేసారి అలా తిరగడం మంగతాయారు చూసింది. కొండబాబుని తీసుకెళ్ళిన రోజు తను కూడా అలాగే తల తిప్పుకుందా అని ఎన్నిసార్లు అనుకుందో. గుర్తులేదు. తొడుగు అలాంటివి గుర్తుండనివ్వదు.

లోవకుమారి లేచి నిలబడింది. "నేను వెళ్తానండి. గదిలో ఉంటే మీ మీదికి వస్తుంది." సంచీ తీసుకుని బయటికి నడిచింది. పరుగెత్తలేదు. తుని బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బస్సుకీ ఆమెకీ మధ్య కుర్చీ వస్తోంది.

ఎక్కిళ్ళకి అమ్మమ్మ దగ్గర ఇంకో మందుండేది. చప్పుడు కాకుండా వెనకనుంచి వచ్చేది. కొండబాబుకి ఎక్కిళ్ళొచ్చినప్పుడల్లా అదే వైద్యం. వాడు ఎగిరి గంతేసి, ఎక్కిళ్ళు పోయాక అమ్మమ్మని తిట్టేవాడు. ఆ మందుని ఈ ఊళ్ళో వాడి ఎన్నాళ్ళయిందో. దాని పేరు కూడా ఎవరూ పైకి అనరు.

తను కూడా ఆ కుర్చీలో వెళ్తే కొండబాబుకి అన్నం ఎవరు పెడతారు? ఎవరూ పెట్టకపోతే అడగడు కూడా, పీట మీద అలా కూర్చునే ఉంటాడు. మంగతాయారు గుమ్మం దాకా వచ్చింది. తన చెంప మీద చుక్క ఏ రంగులో ఉందో ఆమెకి కనిపించదు, గది అద్దంలో మాత్రం పసుపు కదిలింది. తొడుగు ఆమెని నెమ్మదిగా పీల్చమంది. ఆమె పీల్చలేదు.

అరిస్తే తొడుగు ఆ అరుపుని మెత్తబరిచి గుసగుస చేస్తుందని ఆమెకి తెలుసు. అందుకని తలుపు తోసుకుని బయటికొచ్చి, తొడుగు గడ్డం కిందికి లాగి, లోవకుమారి వెనక నిలబడి, ఒంట్లో ఉన్న గాలంతా పోగుచేసి అరిచింది.

"తేలు! తేలు! కాళ్ళ దగ్గర తేలే!"

అమ్మాయి కెవ్వుమని గాల్లోకి ఎగిరింది. ఆమె ఒక్కతే కాదు. ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సిమెంటు బల్లలెక్కారు. చేపల గంప బోర్లాపడింది. ఇందాకటి ముసలాయన చేతికర్రతో నేలని దబదబా బాదాడు. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎవరి ఊపిరి వాళ్ళది. ఒకళ్ళది గుర్రుమంటోంది, ఒకళ్ళది ఈలలా ఉంది, ఒకళ్ళు అసలు పీల్చడమే మర్చిపోయారు. స్టాండంతా ఎర్రచుక్కలు. ఆ చుక్కలు పసుపుపచ్చగా మారాయి, మళ్ళీ ఎర్రబడ్డాయి, కాసేపు అటూ ఇటూ కొట్టుకున్నాయి. అందరూ తేడాగా ఉంటే ఎవరి ఊపిరి తేడా అని చెప్పాలో యంత్రానికి తేలలేదు. చుక్కలన్నీ ఆరిపోయాయి. చెవుల దగ్గర సన్నని చప్పుడు ఆగిపోయింది.

ఆ చప్పుడు లేకుండా స్టాండు ఎలా ఉంటుందో మంగతాయారు మర్చేపోయింది. పైన రేకులు కదలడం లేదు.

కుర్చీ ప్లాట్‌ఫారం మధ్యలో నిలిచిపోయింది. దాన్ని తోసే ఇద్దరిలో ఒకడు కుర్చీ మీదికే ఎక్కి ముడుచుక్కూర్చున్నాడు. తొడుగు కిందికి జారింది. మొహాన మీసకట్టు కూడా సరిగ్గా రాని మనిషి.

"తేలెక్కడండీ?" అన్నాడు గొంతు వణుకుతుంటే. "నాకు తేళ్ళంటే మా చెడ్డ భయమండి."

భయం అన్న మాట ఆ స్టాండులో అందరికీ వినిపించింది. బల్ల మీదినుంచి ఒకావిడ "నాక్కూడానండి," అంది. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆగలేదు, పక్కవాళ్ళకి అంటుకుంది.

లోవకుమారి గుండెల మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "ఆగిపోయాయండి," అంది. వెంటనే కళ్ళనీళ్ళు తిరిగాయి. "కానీ మా అమ్మ పేరు చెప్పకుండానే ఆగాయండి. ఇంక తెలీదు కదండీ."

"వెళ్ళి నువ్వే పిలువు," అంది మంగతాయారు. "గట్టిగా పిలువు. పలక్కపోతే మళ్ళీ పిలువు. పో, బస్సెళ్ళిపోతోంది!"

అమ్మాయి పరుగెత్తింది. ఆ స్టాండులో ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మనిషి పరుగెత్తడం అందరూ చూశారు. బస్సు ఆమెని ఎక్కించుకుని మలుపు తిరిగిపోయింది.

గొట్టంలోంచి తాతాజీ ఊపిరి వినిపించింది. అది కూడా ఎగుడుదిగుడుగానే ఉంది. "తాయారుగారూ, శాఖవాళ్ళు లయ మళ్ళీ నిలబెట్టేలోపు ఇంటికెళ్ళిపోండి. నేనేం చూడలేదు. నా తొడుగు కూడా దించేశాను, ఎవరికీ చెప్పకండి."

మంగతాయారు నిలబడిన చోటే నిలబడి ఉంది. మొహానికి గాలి తగులుతోంది. చేపల వాసన, ఎండ వాసన, జనం చెమట వాసన. ఇందులో జబ్బు ఉందేమో, తనకి తెలియదు. భయంగానే ఉంది. అయినా పీల్చింది, తనకిష్టమైనంత సేపు పీల్చింది.

అప్పుడొచ్చింది ఎక్కిలి.

అరిచి అరిచి గొంతెండిపోయి వచ్చిందనుకుంది. మళ్ళీ వచ్చింది. "తాతాజీగారు," అంది నవ్వుతూ. ఎక్కిలి. "పక్కింటి రమణమ్మగారు." ఎక్కిలి. "లోవకుమారి." అమ్మాయి బస్సులో తలుచుకుంటోందేమో అని ఆశగా ఆగింది. ఎక్కిలి.

నవ్వు పోయింది. అమ్మానాన్నలైతే లేరు, పోయినవాళ్ళు తలుచుకోరు. ఇంక మిగిలింది ఒక్క పేరే. ఆ అమ్మాయి ఎందుకు చెప్పనందో మంగతాయారుకి ఇప్పుడు ఒళ్ళంతా తెలిసింది. పేరు చెప్పీ ఎక్కిలి వస్తే, ఇంక ఆ పీట మీద కూర్చున్న మనిషిలో తన కోసం ఎదురుచూసేవాడు ఎవడూ లేడని ఖాయమవుతుంది. చెప్పకుండా ఇంటికెళ్ళి కుండలో నీళ్ళు తాగేయొచ్చు.

మరో ఎక్కిలి వచ్చింది.

"కొండబాబూ," అంది పైకే, వాడు వీధి చివర ఉంటే పిలిచినట్టు.

ఊపిరి బిగబట్టి చూసింది. చుట్టూ జనం ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు పీలుస్తున్నారు. ఎక్కిలి రాలేదు. ఊపిరి వదిలి మళ్ళీ పీల్చింది. రాలేదు. తొడుగు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి ఇంకాసేపు ఆగి చూసింది. అయినా రాలేదు.

మంగతాయారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇంటివైపు పరుగు తీసింది.