మార్చిలో పోయిన డ్రమ్ములు

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఎస్.ఐ. త్రినాథరావు ముక్కంటే దొంగలకు హడల్. కళ్లకు గంతలు కట్టి జీపులో తిప్పినా, గాలి పీల్చి ఏ కంపెనీ గేటు ముందున్నాడో చెప్పేసేవాడు. అబద్ధాలాడేవాడి చెమటకు వేరే వాసన ఉంటుందనీ, అది ఆయనకు రుద్రారం దాకా తగులుతుందనీ కానిస్టేబుళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు.

అలాంటి ముక్కు ముందుకు 1996 నవంబరులో ఒక ఫిర్యాదు వచ్చింది.

నలభై డ్రమ్ముల సాల్వెంట్ చోరీ. ఫిర్యాదు చేసింది చిన్న కెమికల్ యూనిట్ ఓనరు పెంటయ్య సేటు. అనుమానం నైట్ వాచ్‌మన్ అబ్దుల్ కరీం మీద. చోరీ జరిగింది మార్చి 27 రాత్రి.

"మార్చిలో పోతే ఇప్పుడొచ్చారేం?"

"పిల్లలు గలోడు సార్. 'మాఫ్ చెయ్ సేటూ, నెమ్మదిగ కడ్త' అన్నడు. ఊకున్న. ఇప్పటిదాంక పైస ఇయ్యలె."

"మరి మా దగ్గరికి?"

"ఎఫ్.ఐ.ఆర్. కాపీ గావాలె సార్. జెర జల్దీ."

డ్రమ్ములు కావాలనలేదు. కాగితం కావాలన్నాడు. త్రినాథరావు మీసం దువ్వుకున్నాడు.

కరీంను పిలిపించాడు. వెంట భార్య ఖమరున్నీసా కూడా వచ్చింది.

"ఆ రాత్రి ఎక్కడున్నావు?"

"గేటు కాడ్నే సార్."

"సాక్షి ఎవరు?"

"రాత్రి వాచ్‌మన్‌కు సాక్షి ఎవరుంటరు సార్? కుక్కలు."

"కుక్కల వాంగ్మూలం కోర్టులో చెల్లదయ్యా."

"కుక్కలైతే నిజం చెప్తయి సార్," అంది ఖమరున్నీసా. "ఈయన పేరు చోరీల రాస్తే ఈ ఏరియాల ఏ గేటు కాడ నిలవడనియ్యరు. మేం ఏం దినాలె?"

త్రినాథరావు జీపు సంగారెడ్డికి మళ్లింది. అక్కడ పెంటయ్య ఆడిటర్ రామలింగేశ్వరరావు ఉంటాడు.

"ఆగస్టులో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేశాం సార్. దాని ప్రకారం ఇంకా ఎనభై వేలు కట్టాలి. కట్టలేదు. నోటీసొచ్చింది. అప్పుడొచ్చి, వేసిన రిటర్న్ మార్చొచ్చా అని అడిగాడు."

"మార్చొచ్చా?"

"ఏదైనా చూపించడం మరిచిపోతే రివైజ్డ్ రిటర్న్ వేయొచ్చు. వేసినంత మాత్రాన పాత బాకీ ఎగిరిపోదు. నిజంగా నష్టముంటేనే పన్ను తగ్గుతుంది. మిగిలింది వడ్డీతో కట్టాల్సిందే. నష్టానికి రుజువు తెమ్మన్నాను. మర్నాడే ఆయనకు దొంగతనం గుర్తొచ్చింది."

"నష్టం ఎప్పటిదై ఉండాలి?"

"మార్చి 31 లోపలిది. తర్వాత పోయినవి ఆ రిటర్న్‌లోకి రావు."

మర్నాడు ఉదయం పది ఇరవైకి ఫ్యాక్టరీకి చేరాడు. పెంటయ్య షెడ్డు గుమ్మంలో ఆపాడు.

"బూట్లు జెర విప్పుండ్రి సార్. దసరా పూజకని నేలంత రంగేయించిన. ఫ్యాక్టరీ పెట్టినంక గిదే తొలిసారి."

ఎర్రగా మెరిసిపోతోంది నేల. మూలన మాత్రం వరసగా బూడిదరంగు గుండ్రాలు. నలభై.

"సూడుండ్రి సార్. డ్రమ్ములు నిలవెట్టిన జాగ. నేను అబద్ధం జెప్తే నేల జెప్తదా?"

ఇక్కడ ఆ ముక్కు సంగతి చెప్పేయాలి. అది పనిచేయదు. బొల్లారం ఫ్యాక్టరీల గాలికి ఏనాడో మొద్దుబారింది. కళ్లకు గంతలు కట్టినప్పుడు డ్రైవరు దగ్గేవాడు. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం దగ్గు. అదీ ఆ మహిమ.

ముక్కు లేనివాడు కళ్లతోనే బతకాలి. త్రినాథరావు గొంతుకూర్చుని ఒక గుండ్రం అంచు మీద వేలు తిప్పాడు. అంచు పొడుగునా రంగు గట్టిపడి ఉంది. లోపల వట్టి సిమెంటు.

సాయంత్రం నాలుగుకు ఆడిటర్‌తో సహా అందరినీ అదే షెడ్డులోకి రప్పించాడు.

"పెంటయ్యగారూ, దసరా ఎప్పుడు?"

"పోయిన నెల సార్."

"అప్పటికి డ్రమ్ములెక్కడున్నాయి?"

"ఏడున్నయి? మార్చిలనే పోయినయి గద!"

"మరి రంగేసినవాళ్లు లేని డ్రమ్ముల చుట్టూ ఎందుకు తిరిగారు?"

పెంటయ్య నేలకేసి చూశాడు. మళ్లీ చూశాడు.

"నిండు డ్రమ్ములు జరపలేక చుట్టూ రంగేసి పోయారు. అంటే దసరాకు అవి ఇక్కడే ఉన్నాయి. నిన్న పోయాయంటే మీకు లాభం లేదు. బాకీ పాత ఏడాదిది. అందుకే దొంగతనం వెనక్కి, మార్చికి జరిగింది. ఎక్కడ దాచారు?"

"గుమ్మడిదలల... కిరాయి గోదాముల. ఒక్కపారే ఎనభై వేలు ఏడికెల్లి దేవాలె సార్? పరేషాన్ల పడి చేసిన."

"గడువు అడగాల్సింది కదయ్యా! వాయిదాలకు అర్జీ నేనే రాసిచ్చేవాణ్ణి," అని ఆడిటర్ తల కొట్టుకున్నాడు.

"వాయిదాలకైతే నింద మోసే వాచ్‌మన్ అక్కర్లేదు మరి," అన్నాడు త్రినాథరావు. "జీపెక్కండి."

పెంటయ్య రెండడుగులు వేసి ఆగాడు. కరీం చేతులు పట్టుకుని, "తప్పైంది భాయ్," అని ఏడ్చాడు. కరీం ఆయన్ని కౌగిలించుకున్నాడు. చూస్తున్న కానిస్టేబుళ్లు కళ్లొత్తుకున్నారు.

రంగు, గుండ్రాలు, గోదాము అన్నీ జరిగినవే. ఈ ఏడుపొక్కటి నేను కల్పించింది. పెంటయ్య కరీం వైపు చూడనైనా లేదు. కరీం కూడా ఆయన కోసం నిలబడలేదు. ఖమరున్నీసా అప్పటికే రోడ్డు మీదికి వెళ్లి బొల్లారం పోయే షేర్ ఆటోను ఆపింది.

"జల్దీ రా," అని కేకేసింది. "అక్కడొక గేటుకు మనిషి గావాల్నట."