లక్ష దాటిన బండి

ఆ రోజు ఉదయం కొడుకు తన తల్లి కుట్టుమిషను విప్పి కూర్చున్నాడు. కుట్టు మధ్యలో వదిలేస్తోందని వారం రోజులుగా ఆవిడ సణుగుతోంది. కిటికీ పక్క బల్ల మీద పాత దుప్పటి పరిచి, చక్రం, సూది కడ్డీ, అడుగు పలక, మరలు వరసగా పేర్చాడు.

"కింది దారం తిప్పే షటిల్ అరిగిపోయిందమ్మా. కొత్తది తెచ్చి బిగించేస్తాను. మధ్యాహ్నానికి నీ కర్టెన్లు నువ్వు కుట్టుకోవచ్చు" అన్నాడు.

"తొందరగా రా. అన్నం చల్లారిపోతుంది" అంది తల్లి.

అతనెక్కిన బండి కొత్తది. మొదటి సర్వీసు కూడా కాలేదు. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. పెద్దరోడ్డు మలుపులో లారీ ఎదురొచ్చింది. అతను షటిల్ దుకాణం దాకా చేరనే లేదు.

అది జరిగి ఏడాది కావస్తోంది. బల్ల మీది సామాన్లను తల్లి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బిగించనివ్వదు, తియ్యనివ్వదు. తుప్పు పట్టకుండా మాత్రం రోజూ పొద్దున్నే నూనె డబ్బా పట్టుకుని కూర్చుంటుంది. చిల్లు ఉన్నచోటల్లా ఒక చుక్క. నలభై ఏళ్లు కుట్టుపని చేసిన చెయ్యి అది. మిషనుకు చిల్లు పెట్టారంటే నూనె కోసమేనని కొడుకుకు చిన్నప్పుడే నేర్పింది ఆవిడ.

కొడుకు ఊరంతా తిరిగి దర్జీల మిషన్లు బాగుచేసేవాడు. పెళ్లయిన కొత్తలో అతని వెంట సరదాగా వెళ్లిన కోడలు, చూస్తూ చూస్తూ పని పట్టేసింది. అతను పోయాక ఆ పనిముట్ల పెట్టె తనే భుజాన వేసుకుంది. దర్జీలు మొదట నవ్వారు. తర్వాత మిషనమ్మ అని పేరు పెట్టి, ఆమెను తప్ప ఇంకెవరినీ మిషను ముట్టుకోనివ్వడం మానేశారు.

చిక్కల్లా తిరగడంలోనే వచ్చింది. పెట్టె బరువు. మిషను తల ఎత్తుకుని బస్సెక్కితే జనం విసుక్కునేవారు. ఊరి చివర స్కూలు యూనిఫారాలు కుట్టే పెద్ద షెడ్డు యజమాని ఒకటే మాట చెప్పాడు: "నీ పని బాగుందమ్మా. కానీ నువ్వు బస్సు దిగి వచ్చేసరికి నా వాళ్లు సగం పూట ఊరికే కూర్చుంటున్నారు. ఇకనుంచి పిలిచిన వెంటనే రాగలిగితే పనంతా నీకే. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటాను."

మర్నాడు పొద్దున టీ గ్లాసులు పెడుతూ కోడలు చెప్పేసింది.

"అత్తయ్యా, నేను బండి కొంటున్నాను."

నూనె డబ్బా ఆగింది. "ఏం బండి?"

"మోటారుసైకిలు. పాతదే. లక్ష కిలోమీటర్లు దాటింది."

"లక్షా!" అంది అత్తగారు. "కొత్త బండే నా బిడ్డను మింగేసింది. ఇక ఆ ముసలి బండి నిన్ను ఏ గోతిలో పడేస్తుందో!"

బస్సు కండక్టరుగా రిటైరైన మామగారు పేపరు చాటునుంచి గొంతు సవరించుకున్నాడు. "ముసలివాళ్లను మరీ అలా తీసిపారెయ్యకే. నేను పనిచేసిన బస్సుకు మీటరు ఎప్పుడో ఆగిపోయింది. బస్సు ఆగలేదు."

"మీరు మధ్యలో దూరకండి!"

"నేనెక్కడ దూరాను? ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాను."

కోడలికి నవ్వొచ్చింది. అత్తగారికి రాలేదు. "నేను బతికుండగా ఈ ఇంటి గేటులోకి బండి రాదు" అని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం కోడలు మామగారిని వెంటబెట్టుకుని బండి చూడటానికి వెళ్లింది.

అమ్మే ఆవిడ నర్సు. ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేసి, ఈమధ్యే రిటైరైంది. కోడలు ముందే ఫోనులో అడిగింది, తను వచ్చేదాకా ఇంజను వెయ్యవద్దని. వచ్చీ రాగానే ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది; చల్లటి ఇంజను లోపం దాచదు. అప్పుడు స్టార్టు చేసి, కళ్లు మూసుకుని విన్నది. మిషన్లను అలాగే వింటుంది ఆమె.

"గొలుసు వదులైంది. ముందు చక్రం బేరింగు గీరుతోంది" అంది.

"గీరుతుంది. దాచేదేముంది?" అంది నర్సు. "మీటరు వెనక్కి తిప్పిస్తే ఎక్కువ వస్తుందని బ్రోకరు చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. పోరా అన్నాను. అదంతా నేను తిరిగిన దారి. వాడెవడు తుడిచెయ్యడానికి?"

"ఎప్పుడైనా దారిలో ఆగిపోయిందా ఆంటీ?"

"ఎందుకాగలేదూ! వానలో ఆగింది, బురదలో ఆగింది. తోసుకుంటూ వచ్చాను, తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికి మాత్రం రోజూ వచ్చాను."

కోడలు మీటరు వంక కాసేపు చూసింది. తర్వాత తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

బేరింగు మార్పించి, గొలుసు బిగించి బండి ఇంటికి తెచ్చేసరికి అత్తగారు గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"నా మాటకు విలువ లేదన్నమాట."

"ఉంది అత్తయ్యా."

"ఉంటే ఇదేమిటి? వాడు పోయింది నా మిషను కోసం. నా కర్టెన్ల కోసం. ఇప్పుడు నువ్వూ అదే రోడ్డు మీద పోతానంటే నేను గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవాలా? నావల్ల కాదే తల్లీ. ఇంట్లో పడి ఉండు. ఉన్నదేదో ముగ్గురం తిందాం."

"ఇంట్లో పడి ఉంటే ఆయన పని ఎవరు చేస్తారు?"

"వాడే లేడు. వాడి పనెందుకు?"

కోడలు స్టాండు వేసింది. గొంతు పెంచలేదు. "నాకు మిగిలింది అదే అత్తయ్యా. మిషను తల విప్పినప్పుడల్లా ఆయన పక్కన కూర్చుని, అటు కాదు, ఇటు తిప్పు అన్నట్టే ఉంటుంది. అది కూడా వదిలెయ్యమంటారా?"

అత్తగారు గేటు కమ్మీ పట్టుకుని నేల వంక చూసింది.

"ఒక్కసారి ఇటు చూడండి. లక్ష అంటే ముసలిదన్నారు. ఈ అంకెలు తిరిగినన్నాళ్లూ ఆ నర్సమ్మ పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చింది. నేను కొన్నది ఇంటి దారి తెలిసిన బండి."

ఆవిడ మీటరు చూడలేదు. పక్కకు మాత్రం తప్పుకుంది. వెనుదిరిగి లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు షెడ్డుకు మొదటి పిలుపు. కోడలు పెట్టె కట్టుకుని బయటికి వచ్చి ఆగిపోయింది. బండి మెరుస్తోంది. అద్దాలు తుడిచి ఉన్నాయి. గొలుసు నల్లగా, తడిగా ఉంది. సీటు మీద చిరుగు కనిపించకుండా నీలం గుడ్డ కవరు, చేత్తో కుట్టింది. మిషను విప్పి ఉంది కదా.

అత్తగారు వంటింటి కిటికీలోంచి చూస్తోంది, చూడనట్టు.

ఇంటి ముందు చిన్న వాలు. కోడలు బండిని దింపుతూ ముందు బ్రేకు పట్టింది. బండి ఆగలేదు. జారి వెళ్లి గేటు స్తంభాన్ని ఢీకొట్టింది. మోకాలు గీరుకుపోయింది.

"అమ్మో!" అంటూ అత్తగారు పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? చెప్పానా, పాతది పాతదేనని!"

కోడలు వంగి ముందు చక్రం దగ్గర వేలితో తడిమి, వాసన చూసింది. మిషను నూనె.

"అత్తయ్యా, చక్రం పక్కనున్న ఈ ఇనప పళ్లేనికి నూనె వేశారా?"

"వేశాను. చుట్టూ అన్ని చిల్లులున్నాయి. నూనె కోసం కాదూ?" అన్నది ఆవిడ. కోడలి మొహం చూసి గొంతు తగ్గిపోయింది. "చిల్లు చిల్లుకూ వేశాను... తప్పా?"

"అది బ్రేకు అత్తయ్యా. చిల్లులు వేడి తగ్గడానికి. దీనికి చుక్క నూనె కూడా తగలకూడదు. రాసుకుంటేనే ఆగుతుంది."

అత్తగారు వాలు మీదే కూలబడింది. "నా చేత్తో నేనే... రోడ్డు మీదికి పోయుంటే నిన్ను కూడా..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాదిగా బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది.

కోడలు పక్కన కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "పోలేదు కదా. వాలు మీదే తెలిసిపోయింది. ఇక రోజూ గేటు దాటకముందే బ్రేకు పట్టి చూస్తాను, మీ ఎదురుగా. సరేనా?"

అత్తగారు మొహం తుడుచుకుంది. "షెడ్డువాడు పిలిచాడన్నావుగా. టైమవుతోంది. ఇప్పుడెలా?"

"వీధి చివర మెకానిక్కు దాకా తోసుకెళ్లాలి. పళ్లెం శుభ్రంగా కడిగి, బ్రేకు ప్యాడ్లు మారిస్తే వెళ్లిపోవచ్చు."

"మరి కూర్చున్నావేం? లే."

కోడలు హ్యాండిలు పట్టుకుంది. అత్తగారు కొంగు దోపుకుని వెనకనుంచి తోసింది. ఎదురింటావిడ చీపురు ఆపి నవ్వింది. "మొదటిరోజే మొరాయించిందా?"

"బండి బంగారంలా ఉంది. చెడగొట్టింది నేను" అంది అత్తగారు, తోస్తూనే.

గేటు దగ్గర నిలబడి మామగారు చెయ్యి ఊపాడు. "రైట్, రైట్!"

సాయంత్రం గేటు చప్పుడైంది. షెడ్డు పని దొరికిందని కోడలు హెల్మెట్ తీస్తూ చెప్పింది. అత్తగారు ఆ మాట విన్నదో లేదో, వంగి కళ్లు చికిలించి మీటరు చూసింది.

"పెరిగింది" అంది.

"పెరిగింది అత్తయ్యా. ఇంటికొచ్చాను."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. అత్తగారు కిటికీ పక్క బల్ల దగ్గర ఆగి, దుప్పటి మీద ఖాళీగా ఉన్న చోటు చూపించింది. "రేపు వచ్చేటప్పుడు ఆ దుకాణం నీ దారిలోనే కదా?"

"దారిలోనే" అంది కోడలు.

షటిల్ ఇంకా తేవాలి. మిషను ఇంకా బిగించాలి.