ఏరినోళ్ల వాటా

మన్యం కొండల నుంచి మహబూబాబాద్ దాకా రైల్లో, అక్కడి నుంచి మరిపెడ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని భద్రంగా తెచ్చిన పొట్లాన్ని నీలి ఒంటిచేత్తో అందుకుని, చక్కెర డబ్బా పక్కన పడేసింది.

"ఏంది గిది?"

"కాఫీ గింజలు. నీకే" అన్నాడు సురేందర్.

"మూడేండ్లకు మొఖం సూపిచ్చి, చాయ్ హోటల్ దానికి కాఫీ తెస్తవా? సిగ్గులేదారా?"

తిట్టింది గాని కళ్లు నవ్వుతున్నాయి. ఆ కళ్లు చూడగానే, దారి పొడవునా వల్లె వేసుకున్న మాటలన్నీ సురేందర్‌ను నట్టేట ముంచి వెళ్లిపోయాయి.

చెప్పాల్సింది చాలానే ఉంది. కొండ మీద యోసేపు తాత చిన్న తోటలో అతడు మూడేళ్లుగా పని చేస్తున్నాడు. తాతకు మోకాళ్లు పట్టేశాయి. "ఇక నువ్వే చూసుకో, పంటలో సగం నీది. కానీ ఒక్కడివే ఈ కొండ మీద ఎట్లా ఉంటావు?" అన్నాడు. నీలి వస్తానంటే ఆ తోట. రానంటే మళ్లీ మిర్చి లారీ స్టీరింగే. పొట్లంలోవి అచ్చంగా ఆ తోట గింజలు, ఇంకేవీ కలవనివి. పండ్లు ఏరింది తనే, ఆరబెట్టింది తనే, లేతగా వేయించింది తనే. ఒక్క గుక్క తాగితే చాలు, అన్నీ నీలికే తెలుస్తాయని వెర్రి ఆశ.

"పొద్దుగాల వస్త. కలిసి తాగుదాం" అని మాత్రం అని, తండాలోని మేనమామ దేవ్యా ఇంటికి పోయాడు.

సురేందర్ సొంతూరు కొడకండ్ల పక్క తండా అయినా, పదో తరగతి దాకా చదివింది ఈ మేనమామ ఇంట్లోనే. నీలి వాళ్లది రెండిళ్ల అవతల. బడి నుంచి వస్తూ చింతగింజలు ఏరడం అతడి పని. వాటిని పెంకు మీద వేయించడం నీలి పని. వాన పడే సాయంత్రాలు ఇద్దరూ పొయ్యి ముందు మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు. సగం వేగీ వేగకముందే అతడు చెయ్యి పెట్టేవాడు, నీలి గరిటెతో వేళ్ల మీద ఒకటిచ్చేది. పెంకు మీద పోసే ముందే గుప్పెడు గింజలు అతడి కోసం తీసి పక్కన పెట్టేది. "ఏరినోళ్ల వాటా" అనేది. వేగిన గింజల వాసన వచ్చాక, అన్నీ తానే తినేస్తుందేమోనని నీలికి తన మీద తనకే నమ్మకం ఉండేది కాదు మరి.

మర్నాడు తుంపరలో తడుస్తూ, భుజాన సంచితో వచ్చాడు. బస్టాండు మలుపు తిరగకముందే మాడు వాసన గుప్పుమంది. సురేందర్ పరుగందుకున్నాడు.

హోటల్లో నీలి పెద్ద మూకుడు ముందు నిలబడి ఉంది. నుదుటి మీద మసి, ముఖంలో గర్వం.

"ఎవడ్రా నీకు గవి అంటగట్టింది? సగం గూడ ఏగలే! నిన్న మొఖం మీద చెప్తె చిన్నబుచ్చుకుంటవని ఊకున్న. పొద్దుగాల్నే లేసి, నల్లగ అయ్యేదాంక మల్ల ఏంచిన. తాగు. యాలకులు గూడ ఏసిన."

చిక్కటి పాలు, గరిటెడు చక్కెర. సురేందర్ గుటకేసి, "బాగుంది" అన్నాడు. అబద్ధం ఆడటం అతడికి చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

"గ మొఖమేంది మరి? ఏంచుడు రాని ఆ మోసగాని పేరు చెప్పు, ఫోన్ చేసి కడిగేస్త."

"నేనే."

గరిటె ఆగింది.

"ఏరింది నేనే, ఏంచింది నేనే. గవి లేతగనే ఏంచాలె నీలీ. మాడిస్తె ఏ తోటవైనా ఒక్కటే రుచి. లేతగ ఏంచితెనే ఆ కొండ రుచి తెలుస్తది. గదే నీకు సూపిద్దామని..."

"నిన్ననే చెప్పరాదా? నోరు లేదా?"

"అన్నీ చెప్తెనే తెలుస్తయా?"

"చెప్పకుంటె ఎట్ల తెలుస్తయ్? మూడేండ్ల సంది ఫోన్ల గుడ్ మార్నింగ్ పూలు పంపితివి. వాటిని సూసి నేనేం అర్థం చేసుకోవాలె?"

ఆ తర్వాతవి తండా భాషలో వచ్చాయి. నీలికి నిజంగా కోపం వస్తే తెలుగు చాలదు.

సురేందర్ సంచి తీసుకుని విసురుగా బయటికి నడిచాడు. వాన పెద్దదైంది. మహబూబాబాద్ బస్సు జాడ లేదు. చేసేది లేక, ఎదురుగా ఉన్న బస్సు షెడ్డు కింద బెంచీ మీద, హోటల్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. అలిగి పోయేవాడికి బస్సన్నా టైముకు రావాలి.

కాసేపటికి బెంచీ రెండో కొసన ఎవరో కూర్చున్నారు. నెత్తి మీద చున్నీ, చేతిలో మూత పెట్టిన చెంబు, రెండు గ్లాసులు.

"పాలు పొయ్యలే. సక్కెర ఎయ్యలే. దంచి, ఉడుకు నీళ్లు పోసి బట్టల వడగట్టిన. గంతేనా?"

గ్లాసులోది తేనె రంగులో ఉంది.

"అన్నీ మాడ్చినవ్ గదా?"

"అన్నీ కాదు. మూకుట్ల పోసే ముందు గుప్పెడు తీసి పెట్టిన."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఏరినోళ్ల వాటా."

"ఏరింది నేనని నీకు అప్పటికి తెల్వదు గదా!"

"తెల్వదు. తెచ్చింది నువ్వు గదా. చెయ్యి దానంతటదే పోయింది" అంది నీలి, వాన వైపు చూస్తూ.

సురేందర్ గ్లాసు అందుకున్నాడు. తాను ఇక్కడ లేని ఇన్నేళ్లూ ఆ చేతికి తాను గుర్తున్నాడు.

నీలి ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "పుల్లగుంది."

అతడి ప్రాణం ఉసూరుమంది. ఆమె మరో గుక్క తాగింది. ఈసారి మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"రేగువండు లెక్క ఉన్నది కదరా... మన బడెనుక చెట్టువి. ముల్లు గుచ్చుకుంటె నువ్వు ఏడుస్తుంటివి."

"నేను ఏడ్వలే."

"ఏడ్చినవ్. నా చున్నీకే ముక్కు తుడుసుకున్నవ్." నవ్వి, గ్లాసులోకి చూసింది. "మంచిగుంటదా ఆ కొండ?"

"పొద్దుగాల మబ్బులు ఇంట్లకొస్తయ్. ఒక్కన్నే ఉంటే మంచిగుండదు." ఇక దాచుకోలేక అన్నీ చెప్పేశాడు. యోసేపు తాత, మోకాళ్లు, పంటలో సగం. "నువ్వంటే నాకు ఇష్టం నీలీ. పెంకు మీద గింజలు ఏంచినప్పటి సంది. పెండ్లి చేసుకుందాం. వస్తవా?"

నీలి బెంచీ మీద జరిగి పక్కకు వచ్చింది.

"మీ లొల్లికి వాన సప్పుడు గూడ ఇనబడ్తలేదు!" నెత్తి మీద గోనెసంచి కప్పుకుని నీలి తండ్రి దస్రు రోడ్డు దాటి వచ్చాడు. చెంబులో మిగిలింది తాగి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి బెల్లం ముక్క తీసి, విరిచి ఇద్దరికీ పెట్టాడు.

సురేందర్ బెల్లం వంకా, ఆయన వంకా చూశాడు. వాళ్ల ఇళ్లల్లో సంబంధం ఖాయమైతే అందరూ కలిసి తినేది బెల్లమే.

"గట్ల సూడకు. గిది పులుపు పోనీకే" అన్నాడు దస్రు. "అసలు బెల్లం పెద్దమనుషుల ముంగట తినాలె. మీ బాపును తోలుకరా."

మహబూబాబాద్ బస్సు వచ్చి, హారన్ కొట్టి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది. నీలి వేళ్లకంటిన బెల్లం నాక్కుంటూ లేచింది.

"ఇను. ఈసారి ఏరుడు నాది, ఏంచుడు నీది."

"సరే."

"మూకుట్ల పోసే ముందుగాల నా వాటా తీసి పెట్టు. మర్సిపోయినవో, గరిటె నా చేతుల్నే ఉంటది."